సేవకు సేవ, సఫారీకి సఫారీ

పరాయి దేశంలో సేవ చెయ్యాలని మనసు పుట్టిందా? మంచి ఆలోచన. ఇక్కడ చేసే సేవకు గుర్తింపు తక్కువ. పక్క వీధి ప్రభుత్వ బడిలో ఏడాది పొడుగునా లెక్కలు చెప్పినా ఎవరూ శాలువా కప్పరు. అదే నైరోబీ వెళ్ళి ఒక్క పూట పలకలు పంచి రండి, జిల్లా ఎడిషన్‌లో మీ ఫొటో పడుతుంది. కాబట్టి కెన్యానే ఎంచుకోండి. పొద్దున పిల్లల ఆశ్రమంలో అన్నదానం, ఆ తర్వాత ఐదారు గంటలు జీపులో కూర్చుంటే మసాయి మారా, సింహాలు, జిరాఫీలు. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒకే టికెట్టు మీద అయిపోతాయి.

వీసా గురించి బెంగ అక్కర్లేదు. 2024 జనవరి నుంచి కెన్యా పాత వీసా తీసేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. రుసుము 30 డాలర్లు. రాయబార కార్యాలయానికి వెళ్ళక్కర్లేదు, క్యూలో నిలబడక్కర్లేదు. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ టూరిస్టు వీసా అనే అంటున్నారు, మనమూ అలాగే అందాం. ఫారం నింపడమే మిగిలిన పని. దాన్ని ఎంత తక్కువ కష్టంతో, ఎంత ఎక్కువ తెలివితో ముగించాలో వరసగా చెబుతాను. పాటించండి.

1. ముందు ఫ్లెక్సీ, తర్వాత టికెట్, ఆఖర్న వీసా. ఈ వరస తప్పొద్దు. సెంటర్లో ఫ్లెక్సీ కట్టించి, వీడ్కోలు సభ పెట్టించి, ఎమ్మెల్యేగారి చేత దండ వేయించుకున్నాక ఇక ఎవరూ మిమ్మల్ని ఆపలేరు. తిరిగి డబ్బు రాని రకం టికెట్లు తీసుకోండి, అవి చవక. ఈటీఏ రావడానికి మామూలుగా 3 పనిదినాలు పడుతుందని రాసి ఉంటుంది. మూడు నెలల ముందే పెట్టుకోవచ్చు కూడా. అంత తొందర మనకెందుకు? ఆదివారం విమానమైతే శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టండి. శని, ఆదివారాలు పనిదినాలు కావని ఎవరైనా గుర్తుచేస్తే, సేవాకార్యానికి సెలవులుండవని గట్టిగా చెప్పండి. మరీ భయంగా ఉంటే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోండి. మోకాళ్ళ నొప్పులైతే బావమరిదిని పంపండి, పుణ్యం ఇంట్లోనే ఉంటుంది.

2. వెబ్‌సైట్ వెతకడంలో కాలం వృథా చెయ్యకండి. ఫోన్లో 'కెన్యా వీసా' అని కొట్టగానే పైన మొదట వచ్చింది నొక్కెయ్యండి. దాని పక్కన చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉంటుంది, చదవకండి. చివర 'గో డాట్ కేఈ' అని ఉండేది మాత్రమే కెన్యా ప్రభుత్వానిదని కొందరు చాదస్తులు చూసుకుంటారు. ఆ ప్రభుత్వ సైటు 30 డాలర్లే తీసుకుంటుంది. ప్రకటన సైట్లు దానికి రెండింతలో మూడింతలో అడుగుతాయి. ఎక్కువ ఇచ్చినచోట పని ఎక్కువ జరుగుతుందని నమ్మండి. జెండా బొమ్మ, సింహం బొమ్మ, కింద ఆకుపచ్చ బటన్ ఉంటే చాలు. కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు, ఓటీపీ అన్నీ ఇచ్చెయ్యండి. పాస్‌పోర్టు స్కాన్ కూడా వాట్సాప్‌లో పంపమంటే పంపండి. ఆ తర్వాత వాళ్ళు ఫోను ఎత్తకపోతే పనిలో మునిగి ఉన్నారని అర్థం.

3. పదిమంది బృందానికి పదిమందీ కూర్చోవడం దండగ. అందరి పాస్‌పోర్టులూ జిరాక్సులు తీసి ఒక్కడికి అప్పజెప్పండి. ఆ ఒక్కడు ఎవరంటే, ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న మేనల్లుడు. పదిమందికీ వాడి ఈమెయిలే, వాడి ఫోన్ నంబరే ఇవ్వండి. ఆమోదం వచ్చినా, ఫొటో సరిగ్గా లేదని తిరిగొచ్చినా, ఇంకేదైనా కాగితం అడిగినా అన్నీ వాడికే వెళ్తాయి. మీకు మనశ్శాంతి. వాడు ఆ వారం స్నేహితుడి పెళ్ళికి అరకు వెళ్ళి సిగ్నల్ లేని చోట ఉంటే ఇంకా మంచిది. ఏం జరిగినా 'మావాడు చూసుకుంటున్నాడు' అనే మాట మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. బాధ్యత ఎవరి మీద వెయ్యాలో ఫారం తెరవకముందే తేల్చుకున్నవాడే నాయకుడు.

4. పేరు. ఈ ఒక్కచోట కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగువాడికి ఇక్కడున్నంత స్వేచ్ఛ మరే గడిలోనూ లేదు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు వెనక వస్తుంది, మధ్యలో వెంకట, సూర్య, సత్య, నాగ లాంటివి రెండో మూడో ఉంటాయి. వీటిలో పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో ఉందో మీకూ గుర్తుండదు. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, మొత్తం పేరంతా రెండో గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండిపోయింది. చూసి ఉన్నదున్నట్టు ఎక్కించడం గుమాస్తా పని. మీరు పదిమంది మిమ్మల్ని ఎలా పిలుస్తారో అలా రాయండి. ఊళ్ళో మిమ్మల్ని 'ప్రెసిడెంటుగారు' అంటారా? ఆ ముక్క కూడా చేర్చండి. ఆడవాళ్ళు పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉన్నా, భర్త ఇంటిపేరుతో నింపడం మర్యాద.

టికెట్ సంగతి వేరే. దాన్ని ట్రావెల్స్ వాళ్ళ చేత ఫోన్లో చెప్పి చేయించండి. వాళ్ళు విన్నట్టు వాళ్ళు రాస్తారు, 'ల' ఒకసారి, 'ళ' ఒకసారి, ఇంగ్లీషులో హెచ్ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పాస్‌పోర్టులో ఒక పేరు, టికెట్లో ఒక పేరు, ఈటీఏలో ఒక పేరు. మూడు పేర్లతో ముగ్గురు మనుషుల పుణ్యం మీ ఒక్కరికే వస్తుంది. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి మూడూ పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండిపోతే, 'మా ఆంధ్రాలో ఇంతేనమ్మా' అనండి. విమానసంస్థకు ఆంధ్రా గురించి తెలుసుకునే అవకాశం వస్తుంది.

5. పుట్టిన తేదీ అసలుదే వెయ్యండి. చాలామందికి బడిలో చేర్పించినరోజు పంతులుగారు జూన్ నెలలో ఏదో తేదీ రాసేశారు, పాస్‌పోర్టులో అదే ఉంది. జాతకంలో ఉన్నది నిజం కాబట్టి కెన్యావాళ్ళకి నిజమే చెప్పండి. పాస్‌పోర్టు నంబరుకు కూడా అంతే. మన పాస్‌పోర్టు నంబర్లో మొదట ఒక అక్షరం, తర్వాత ఏడు అంకెలు ఉంటాయి. గుండ్రంగా కనబడ్డ ప్రతిదాన్నీ ఇంగ్లీషు 'ఓ' అక్షరంగానే కొట్టండి, చూడ్డానికి అందంగా ఉంటుంది.

6. ఫొటో కోసం స్టూడియోకి వెళ్ళకండి. పెళ్ళి ఆల్బంలో మీరు బాగా పడ్డ ఫొటో ఉంటుంది, దాన్ని ఫోన్‌తో మళ్ళీ ఫొటో తీసి, మీ ముఖం వరకు కత్తిరించండి. పక్కన తోడల్లుడి భుజం, చెవి కనబడినా ఫర్వాలేదు. నల్లకళ్ళద్దాలు తీయకండి, హుందాగా ఉంటాయి. ఇరవై ఏళ్ళ కిందటి ఫొటో అయితే జుట్టు కూడా ఉంటుంది.

7. పాస్‌పోర్టు గడువు చూడకండి. కెన్యాలో దిగేనాటికి ఇంకా 6 నెలలు గడువుండాలి, ముద్ర వెయ్యడానికి ఖాళీ పేజీ ఉండాలి అంటారు. చూస్తే కదా గడువు అయిపోవచ్చిందని తెలిసేది? తెలిస్తే కొత్తదానికి పెట్టాలి, తత్కాల్‌లో అయితే 3,500 రూపాయలు కట్టాలి, పోలీసు ఇంటికొస్తాడు, పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తారు. ఇవన్నీ పడేకన్నా అట్ట మీద సింహాల్ని చూసి నమస్కారం పెట్టుకుని బ్యాగులో వేసుకోండి.

8. 'ప్రయాణ కారణం' దగ్గర పర్యటన అనే పెట్టండి. ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన చిట్కా కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కెన్యాలో జీతం లేకుండా చేసే పని కూడా పనే. స్వచ్ఛందసేవకు వచ్చేవాళ్ళు స్పెషల్ పాస్ తీసుకోవాలి. ధార్మిక, సేవా సంస్థల్లో ఎక్కువకాలం పనిచేసేవాళ్ళకి క్లాస్ ఐ అనే పర్మిట్ ఉంది. వీటికి మిమ్మల్ని పిలిచిన సంస్థే అక్కడ దరఖాస్తు పెట్టాలి. అంటే ఆ సంస్థ నిజంగా ఉండాలి, రిజిస్టరై ఉండాలి, మీరు వచ్చి ఏం చేస్తారో వాళ్ళకి ముందుగా తెలియాలి. వాళ్ళకి ఉత్తరం రాయాలి, వాళ్ళకేం కావాలో అడగాలి. ఇన్ని అడిగితే వాళ్ళు 'మీరు రాకండి, మా నర్సుకి ఆర్నెల్ల జీతం పంపండి' అనే ప్రమాదం ఉంది. అందుకే అడగొద్దు. పర్యటన అని నొక్కండి, ముందుకెళ్ళండి.

బృందంలో డాక్టరు బావగారు ఉంటే ఆయన్ని తప్పకుండా తీసుకెళ్ళండి. విదేశీ డాక్టరు అక్కడ ఒక్కరోజు క్యాంపులో నాడి పట్టుకోవాలన్నా కెన్యా వైద్యమండలి తాత్కాలిక లైసెన్స్ ఉండాలి. బావగారికి ఇక్కడ ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసుంది, ఆ సంగతి ముఖంలోనే తెలుస్తుంది. స్టెతస్కోపు చేతిసామానులో పైన పెట్టమనండి. ఎవరైనా అడిగితే, సింహాలకేమైనా అయితే పనికొస్తుందని తెచ్చానని చెప్పమనండి.

పదిమందికీ ఒకే రంగు టీషర్టులు కుట్టించడం మర్చిపోకండి. ముందు 'ఉచిత వైద్యశిబిరం, నైరోబీ' అని, వెనక దాతల పేర్లు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ అద్దంలోంచి కూడా చదవగలిగేలా. ఆ టీషర్టు తొడుక్కుని, బ్యానరు చుట్ట చంకలో పెట్టుకుని, 'టూరిస్టుని' అని చెప్పండి. ఇక్కడ కొందరు తడబడతారు. తడబడొద్దు. కెన్యా ఇమ్మిగ్రేషన్ చట్టం 2011 నాటిది, దాని కింద 5 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు ఉన్నాయి. ఇవి రాసినవాళ్ళు మీ టీషర్టు చూసి ఉండరు.

9. బస వివరాలు అడుగుతారు. ఉచితంగా రద్దు చేసుకునే సౌకర్యమున్న పెద్ద హోటల్లో ఐదు గదులు తీసుకోండి. కాగితం అప్‌లోడ్ అవగానే రద్దు చెయ్యండి. ఆ తర్వాత నైరోబీలో మన గుజరాతీలు ఎక్కువగా ఉండే పార్క్‌లాండ్స్‌లో మీ కొలీగ్ పిన్నిగారి అబ్బాయి ఉంటాడని విన్నారు కదా, అక్కడికే పదిమందీ వెళ్ళొచ్చు. అతనికి విమానం దిగాక ఫోన్ చెయ్యండి. ముందే చెబితే కుదరదంటాడు. ఇమ్మిగ్రేషన్‌లో అధికారి హోటల్‌కి ఫోన్ చేస్తాడేమోనన్న అనుమానం పెట్టుకోకండి. వాళ్ళకి వేరే పనుంటుంది.

10. పసుపు జ్వరం టీకా మానెయ్యండి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, వేశాక పది రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. అంటే నెల ముందే కదలాలి. మీరు శుక్రవారం మొదలుపెట్టినవాళ్ళు. అయినా ఈ టీకా కాగితాన్ని ఎక్కువ పట్టుబట్టి అడిగేది కెన్యా కాదు, మనదేశమే. కెన్యా పసుపు జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది, అక్కణ్ణుంచి కాగితం లేకుండా దిగినవాళ్ళని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఆరు రోజులు! ఆఫీసులో సెలవు పెట్టకుండానే సెలవు. పక్క మంచం, దుప్పటి, మూడు పూటలా తిండి. బయట మీ కోసం దండలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి మాత్రం రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని ఫోన్లు చేస్తూ ఉండండి.

11. సామాను విషయంలో పెద్ద మనసు చూపించండి. ఇంట్లో బీరువా దులిపి, అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ పెట్టి, పాత చీరలు, పిల్లలకి పొట్టైన యూనిఫాంలు, చిరిగిన స్వెట్టర్లు అన్నీ పోగెయ్యండి. నైరోబీలో గికోంబా అనే మహా పెద్ద సంత ఉంది, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన పాతబట్టలు అక్కడ గుట్టలుగా అమ్ముతారు, వాటి మీద బతికే చిన్న వ్యాపారులు లెక్కలేనంతమంది. మీ మూటలు కూడా వెళ్తే ఆ గుట్ట ఇంకొంచెం ఎత్తవుతుంది. అదనపు సామానుకు విమానసంస్థ కిలోకింత అని వసూలు చేస్తుంది. ఆ డబ్బుతో అక్కడే కొత్త బట్టలు వచ్చేవి కదా అని అడిగేవాళ్ళకి సెంటిమెంటు లేదని తేల్చెయ్యండి.

బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో సర్దండి, తడవకుండా ఉంటాయి. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. తప్పు రుజువైతే 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా గానీ, నాలుగేళ్ళ దాకా జైలు గానీ పడొచ్చు. మీ కవర్ల మీద మన ఊరి బట్టలకొట్టు పేరు, కొట్టు ముందు లక్ష్మీదేవి బొమ్మ ఉంటాయి కాబట్టి చూసి వదిలేస్తారు.

మందులు: బంధువుల ఇళ్ళలో మిగిలిపోయినవన్నీ సేకరించండి. సగం వాడిన స్ట్రిప్పులు, మూత తీసిన సిరప్పులు, తాతగారు పోయాక మిగిలిన బీపీ బిళ్ళలు. దానంగా ఇచ్చే మందులకి అక్కడ చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది, దిగుమతికి కెన్యా మందుల నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. ఇవి పెద్ద కంపెనీలకి పెట్టిన రూళ్ళు. మీరు మనసుతో ఇస్తున్నారు. గడువు తేదీ ఉన్న వైపు కత్తెరతో కత్తిరించండి, బరువు కూడా తగ్గుతుంది. మనదేశపు మందులు అక్కడి మందుల షాపుల్లో మామూలుగానే దొరుకుతాయి. కానీ అవి మీ చేత్తో ఇచ్చినవి కావు కదా.

12. చందాలు మీ సొంత ఫోన్ నంబరుకే వేయించండి. సంస్థ ఖాతా, రసీదు పుస్తకం, ఆడిటరు, ఇవన్నీ సేవలో ఆనందాన్ని చంపేస్తాయి. '80జీ రసీదు ఇస్తారా అన్నయ్యా?' అని ఎవరైనా అడిగితే, దేవుడి దగ్గర రసీదు అక్కర్లేదమ్మా అని కళ్ళు మూసుకోండి. లెక్క ఎవరూ అడగకుండా ఉండాలంటే ఒకటే ఉపాయం: చందా ఇచ్చిన ప్రతివాడికీ ఒక ఫొటో హామీ ఇవ్వండి. వాళ్ళ పేరు రాసిన అట్ట పట్టుకుని ఒక పిల్లవాడు నవ్వుతూ ఉంటాడని. ఇక వాళ్ళు ఆ ఫొటో కోసమే ఎదురుచూస్తారు.

ఖర్చు ఎలా పెట్టాలో కూడా చెబుతాను. మసాయి మారాలో విదేశీ పర్యాటకుడు జూలై నుంచి డిసెంబరు దాకా రోజుకు 200 డాలర్ల ప్రవేశ రుసుము కట్టాలి, మిగతా నెలల్లో 100. వైల్డ్‌బీస్టుల మహా వలస చూడాలంటే జూలై, అక్టోబరుల మధ్యే వెళ్ళాలి, కాబట్టి 200 కడదాం. పదిమంది, మూడు రోజులు, ఒక్క ప్రవేశానికే 6,000 డాలర్లు. జీపు, బస, భోజనం వేరు. దీన్ని లెక్కల్లో 'క్షేత్ర పరిశీలన' అని రాయండి. ఆశ్రమానికి మిగిలిన దాంట్లో బిస్కెట్లు కొనండి. పెద్ద పాకెట్లు కాకుండా చిన్నవి తీసుకుంటే సంఖ్య ఎక్కువ కనబడుతుంది.

నోట్లు తీసుకెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికీ 3,000 డాలర్ల పరిమితి ఉంది. మొత్తం బృందం డబ్బూ కోశాధికారి వదినగారి హ్యాండ్‌బ్యాగులోనే పెట్టండి, ఆవిడ జాగ్రత్త మనిషి. కస్టమ్స్ వాళ్ళు అడిగితే పసుపు కుంకాల డబ్బులని చెబుతుంది.

13. పిల్లల ఫొటోలు ఎన్ని వీలైతే అన్ని తియ్యండి. ముక్కు కారుతున్నవాళ్ళు, చొక్కా లేనివాళ్ళు ముందు వరసలో. శుభ్రంగా ఉన్నవాళ్ళు ఫొటోకి పనికిరారు, వాళ్ళని వెనక్కి పంపండి. తల్లిదండ్రుల అనుమతి, ఆశ్రమం అనుమతి అడగకండి, అడిగితే వెలుతురు పోతుంది. కెన్యాలో 2019 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. 2023లో తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫొటోలు వాడినందుకు అక్కడి ఒక బడికే 45.5 లక్షల షిల్లింగుల జరిమానా వేశారు. బడి అయితే అక్కడే ఉంటుంది కాబట్టి దొరికింది. మీరు మర్నాడు జీపెక్కేస్తారు.

ఆశ్రమాన్ని ఎంచుకోవడంలో కూడా తెలివి వాడండి. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లలు ఆశ్రమాల్లో కాకుండా కుటుంబాల్లో పెరగాలన్నది వాళ్ళ పద్ధతి. రిజిస్టరైన పాత ఆశ్రమాల్లో ప్రశ్నలు ఎక్కువ, వేళలు తక్కువ. ఎవరూ ఏమీ అడగని చోటుకి వెళ్ళండి. మీరు వస్తున్నారనగానే పక్క వీధి పిల్లల్ని కూడా తెచ్చి కూర్చోబెట్టే చోటు దొరికితే వదులుకోకండి.

14. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో పదిమందీ పది మాటలు చెప్పండి. ముందుగా కూర్చుని ఒక మాట అనుకుంటే నేరస్తుల్లా ఉంటుంది. ఒకరు సఫారీ అనండి, ఒకరు పెళ్ళి అనండి, ఒకరు మెడికల్ క్యాంపు అనండి, డాక్టరు బావగారు కాన్ఫరెన్స్ అనొచ్చు, ఆయన హోదాకి అదే తగ్గట్టుంటుంది. వెళ్ళేది ఎక్కడికి అంటే మేనల్లుడికి తెలుసని చెప్పండి. మేనల్లుడు అరకులో ఉన్నాడు.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న ఘట్టం వస్తుంది. మిమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్తారు. కుర్చీలుంటాయి, కొన్నిసార్లు నీళ్ళు కూడా ఇస్తారు. తిరుగు విమానం దాకా అక్కడే కూర్చోవాలి. అందరూ కలిసి ఒక్కచోట ఇంతసేపు ఫోన్లు లేకుండా కూర్చున్నది ఈ యాత్రలో అదొక్కటే అవుతుంది, ఐకమత్యం పెరుగుతుంది. పాత చీరల మూటలు బెల్టు మీద తిరుగుతూనే ఉంటాయి. తెచ్చిన విమానసంస్థే మిమ్మల్ని వెనక్కి తీసుకెళ్తుంది. సింహాల్ని చూడలేదన్న బాధ వద్దు. పాస్‌పోర్టు అట్ట మీద మూడు కనబడుతూనే ఉన్నాయి.

అసలు హైదరాబాదులోనో ముంబైలోనో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తే ఇంకా హాయి. ఈటీఏ చూపించనివాళ్ళని విమానం ఎక్కనివ్వరు. దోమలు కుట్టవు, ఒళ్ళు నొప్పులుండవు, రాత్రికి ఇంటికొచ్చి పప్పుచారు తినొచ్చు.

15. తిరిగొచ్చాక చెప్పాల్సిన కారణాలు ముందే రాసి పెట్టుకోండి. మనిషిని బట్టి మార్చండి. చందాదారులకి: అక్కడ పరిస్థితులు బాగాలేవు. బంధువులకి: సర్వర్ డౌన్. ఆఫీసులో: దౌత్యపరమైన విషయం, మాట్లాడకూడదు. అత్తగారికి: అంతా మేనల్లుడి నిర్వాకం. మేనల్లుడికి: నీ మీద నమ్మకంతో కదరా పెట్టింది. పత్రికవాళ్ళకి మాత్రం ఏమీ చెప్పకండి, వెళ్ళేటప్పుడు తీసిన వీడ్కోలు ఫొటో వాళ్ళ దగ్గర ఉంది, కింద 'సేవాయాత్ర విజయవంతం' అని వేస్తే సరిపోతుంది. ఆశ్రమం పిల్లలకి కారణం చెప్పనక్కర్లేదు. వాళ్ళకి మీరు వస్తున్నారని ఎవరూ చెప్పలేదు.

చందా డబ్బు తిరిగి ఇమ్మని అడిగేవాళ్ళు ఒకరిద్దరుంటారు. వాళ్ళని గ్రూపులోంచి తీసెయ్యండి. మిగిలినవాళ్ళకి వచ్చే ఏడాది యాత్ర ప్రకటించండి. కొత్త చందా అడుగుతున్నప్పుడు పాత చందా లెక్క అడగడం మన మర్యాదలో లేదు.

16. వచ్చే ఏడాదికి కొత్త దేశం చూసుకోండి. బ్రిటన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంతకుముందు ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా, లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపిందా? 'లేదు' మీద నొక్కండి. కెనడా ఫారంలో కూడా ఇలాంటిదే ఉంది, అక్కడా అంతే. నిజం రాస్తే కింద గడిలో వివరాలు రాయాలి, తేదీ రాయాలి, నైరోబీలో ఇచ్చిన కాగితం వెతికి జతచెయ్యాలి. అంత ఓపిక ఎవరికుంది? అబద్ధం దొరికితే కెనడా 5 ఏళ్ళు తలుపు మూస్తుంది, బ్రిటన్ అయితే 10 ఏళ్ళు. ఒక్క నొక్కుతో పదేళ్ళపాటు ఆ ఫారం ముట్టుకునే పని ఉండదు. కాబట్టి కెనడా జోలికి పోకండి, బ్రిటన్‌కే పెట్టండి, విశ్రాంతి రెట్టింపు.